ఎల్లో ఫీవర్ కార్డు: వెళ్లే ముందు ఏం చేయాలి, తిరిగొచ్చేటప్పుడు ఏం చూపాలి

మసాయి మారా అడవి జంతువుల్ని చూడ్డానికి కెన్యా వెళ్తున్నారనుకోండి. ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి (ఈటీఏ) వచ్చింది, టికెట్లు తీసేశారు. ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్లను కెన్యా ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ (అదే ఎల్లో ఫీవర్ కార్డు) అడగదు. ఆ మాట తెలియగానే హమ్మయ్య అనుకుని చాలామంది అక్కడితో ఆగిపోతారు. అసలు చిక్కు వచ్చేటప్పుడు. కెన్యాలో బయల్దేరిన 6 రోజుల లోపు ఇండియాలో దిగితే ఆ సర్టిఫికెట్ అడిగేది మన దేశమే. చూపించలేకపోతే విమానాశ్రయంలోని ఆరోగ్య అధికారులు 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచుతారు. ఇంట్లో ఎవరు ఎదురుచూస్తున్నా, మర్నాడు ఆఫీసు ఉన్నా మినహాయింపు ఉండదు.

ఎల్లో ఫీవర్ ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో దోమల వల్ల వచ్చే వైరస్ జ్వరం. ఇంత గట్టిగా ఎందుకంటే, ఆ వైరస్‌ను మోసుకెళ్లే ఏడిస్ ఈజిప్టై దోమ మన ఇళ్లలోనే ఉంది. ఏటా వానాకాలంలో డెంగీ అంటించేది అదే. దోమ ఉంది, జనం కిక్కిరిసి ఉన్నారు, ఎవరికీ ఈ జబ్బును తట్టుకునే శక్తి లేదు. లేనిది వైరస్ ఒక్కటే. జ్వరంతో దిగిన ఒక్క ప్రయాణికుణ్ని ఇక్కడి దోమ కుడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఈ జబ్బుకు ప్రత్యేకమైన మందు లేదు, ముదిరితే కాలేయం, కిడ్నీలు దెబ్బతింటాయి. ఈ నియమాన్ని మన బస్తీలో పడుకున్న పసిపిల్లలకు కాపలాగా చూడాలని నా మనవి. అలా చూస్తే ఆ కార్డు కోసం ఒక రోజు వెచ్చించడం భారం అనిపించదు.

ముందు మీ దారి మొత్తం రాసుకోండి

వెళ్లే దేశం ఒక్కటే కాదు, మధ్యలో విమానం మారే ఊళ్లు, అక్కడ ఎన్ని గంటలు ఆగుతారో, తిరుగు ప్రయాణం ఏ దారిన వస్తారో అన్నీ ఒక కాగితం మీద పెట్టండి. తర్వాత ప్రతి దేశం దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ దేశం నన్ను సర్టిఫికెట్ అడుగుతుందా? ఈ దేశం నుంచి వచ్చానని తర్వాతి దేశం అడుగుతుందా?

ఘనా, ఉగాండా, కామెరూన్, డెమొక్రటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగో లాంటి దేశాలు ఎక్కడి నుంచి వచ్చినా సర్టిఫికెట్ అడుగుతాయి. కెన్యా, బ్రెజిల్ లాంటివి ఇండియా నుంచి వచ్చేవాళ్లను అడగకపోయినా, అక్కడి నుంచి మనం తిరిగొచ్చేటప్పుడు మన దేశం అడుగుతుంది. కెన్యా చూసుకుని అటునుంచి టాంజానియాకో జాంజిబార్‌కో వెళ్తే, కెన్యా నుంచి వచ్చారు కాబట్టి టాంజానియా అడుగుతుంది. దక్షిణాఫ్రికాలో ఎల్లో ఫీవర్ లేదు, కానీ ఆ వైరస్ ఉన్న దేశాల నుంచి వచ్చేవాళ్లను అదీ అడుగుతుంది. వైరస్ ఉన్న దేశంలో విమానం మారడానికి 12 గంటలకు మించి ఆగి వచ్చినా అదే లెక్క. ఎంబీబీఎస్ చదవడానికి గయానా వెళ్లే మన పిల్లలు, కంపాలా, లాగోస్‌లలో ఉద్యోగానికి వెళ్లేవాళ్లు, వాళ్లను చూసి రావడానికి వెళ్లే అమ్మానాన్నలు, అందరూ ఈ లెక్కలోకే వస్తారు.

విమానం మారడం గురించి ఇంకొక్క మాట. ఆడిస్ అబాబా, నైరోబీ మీదుగా వెళ్లే టికెట్లు చవగ్గా దొరుకుతాయి. ఆ విమానాశ్రయం దాటి బయటికి వెళ్లకుండా, లోపలే ఉండి మరో విమానం ఎక్కితే ఇండియాలో మినహాయింపు ఇవ్వొచ్చని నియమం ఉంది. ఇవ్వాలా వద్దా అన్నది ఆరోగ్య అధికారి ఇష్టం. ఎక్కువసేపు ఆగాల్సి వచ్చిందని విమాన సంస్థ హోటల్ గది ఇస్తే, ఇమిగ్రేషన్ ముద్ర వేయించుకుని ఊళ్లోకి వెళ్లి పడుకుంటే, ఆ మినహాయింపు పోయినట్టే. అలాంటి టికెట్ ఉంటే టీకా వేయించుకుని వెళ్లడమే మేలు.

ఏ దేశం ఏం అడుగుతుందో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాల వారీగా జాబితా ఇస్తుంది, మన కేంద్ర ఆరోగ్య శాఖ జాబితా వేరే ఉంటుంది. రెండూ చూడండి. రెండూ మారుతుంటాయి కాబట్టి పోయినేడు వెళ్లొచ్చిన బంధువు మాట మీద ఆధారపడకండి. ట్రావెల్ ఏజెంటు చెప్పిందీ అంతే, సరిచూసుకున్నాకే నమ్మండి.

తేదీల లెక్క వెనక నుంచి వేయండి

ఈ సర్టిఫికెట్ టీకా వేసిన రోజు నుంచి చెల్లదు. 10 రోజులు గడిచాక చెల్లుతుంది. ఒంట్లో రక్షణ తయారవడానికి పట్టే సమయం అది. 20వ తేదీన కంపాలాలో దిగాలంటే 10వ తేదీకల్లా సూది పడి ఉండాలి. ఇంకో రెండు మూడు రోజులు అదనంగా పెట్టుకోండి.

నిజానికి నెల ముందే మొదలుపెట్టమని చెబుతాను. టీకా కేంద్రాల్లో అన్ని రోజులూ టీకా వేయరు. పొడిగా ఉన్న మందును ద్రవంతో కలిపాక 6 గంటల్లో వాడేయాలి, మిగిలితే పారేయాలి. ఒక్కో సీసాలో పలువురికి సరిపడే మందు ఉంటే, అంతమంది వచ్చే రోజు చూసుకుని వారంలో కొన్ని రోజులే పెడతారు. అపాయింట్‌మెంట్ దొరకడానికి సమయం పడుతుంది, ఒక్కోసారి స్టాకే ఉండదు. ఇంకొకటి, ఇది బలహీనపరిచిన సజీవ వైరస్‌తో చేసిన టీకా. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా), ఆటలమ్మ టీకా లాంటి ఇతర సజీవ టీకాలు కూడా అవసరమైతే అదే రోజు వేయించుకోవాలి, లేదా 4 వారాల ఎడం ఇవ్వాలి. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఈ ఎడం దగ్గరే ప్లాను తలకిందులవుతుంది.

10 రోజులు నిండకుండా ప్రయాణం కట్టేవాళ్లు కూడా ఉంటారు. వైరస్ ఉన్న దేశం నుంచి మరో దేశంలో దిగినప్పుడు సర్టిఫికెట్ ఇంకా చెల్లుబాటులోకి రాకపోతే, అది చెల్లే రోజు దాకా గానీ, చివరిసారి వైరస్ ప్రాంతంలో ఉన్న రోజు నుంచి 6 రోజుల దాకా గానీ, ఏది ముందైతే అంతవరకు అక్కడి అధికారులు ఆపి ఉంచవచ్చు.

ఎక్కడ వేయించుకోవాలి

ఇంటి దగ్గరి క్లినిక్‌లో, ఎంత పెద్ద డాక్టరుతోనైనా వేయించుకుంటే సరిపోదు. కేంద్ర ఆరోగ్య శాఖ అధికారికంగా గుర్తించిన కేంద్రంలో వేయించుకుంటేనే ఆ కార్డుకు విలువ. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఈ పనికి అందరికీ తెలిసిన చోటు. విశాఖపట్నంలో పోర్ట్ హెల్త్ ఆర్గనైజేషన్ ఉంది. ఓడల మీద వెళ్లే మన నావికులకు ఆ ఆఫీసు కొత్త కాదు. చెన్నై దగ్గరైన చిత్తూరు, నెల్లూరు వాళ్లు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ వైపు చూడొచ్చు. గుర్తింపు ఉన్న కేంద్రాల పూర్తి జాబితా ఆరోగ్య శాఖ దగ్గర ఉంటుంది. బయల్దేరే ముందు ఫోన్ చేసి ఏ రోజు వేస్తారో, స్టాకు ఉందో లేదో, ఏ కాగితాలు తేవాలో, ఫీజు ఎలా కట్టాలో కనుక్కోండి. దూరం నుంచి రాత్రి బస్సెక్కి వచ్చి, పొద్దున్నే గేటు దగ్గర బోర్డు చూసి వెనక్కి వెళ్లడం కంటే ఆ ఒక్క ఫోను నయం.

ఒరిజినల్ పాస్‌పోర్టు తప్పకుండా తీసుకెళ్లండి, జిరాక్సు కూడా. మందులు వాడుతుంటే ఆ చీటీలు, పాత జబ్బులకు సంబంధించిన రిపోర్టులు దగ్గర పెట్టుకోండి.

"సూదీ వద్దు, క్యూ వద్దు, కార్డు ఇంటికే పంపుతాం" అనే దళారులు ఎదురవుతారు. ఆ కార్డు ఏ అధికారి చేతిలో దొరికిపోతుందో తెలియదు. అంతకంటే పెద్ద ప్రమాదం, ఒంట్లో రక్షణ లేకుండా ఆ అడవుల్లోకి, ఆ ఊళ్లలోకి అడుగుపెట్టడం. కార్డు దోమను ఆపదు.

టీకా అందరికీ పడదు

ఈ భాగం దాటేయకుండా చదవండి. 9 నెలలు నిండని పసిబిడ్డలకు మామూలుగా ఈ టీకా వేయరు. 6 నెలల లోపు పిల్లలకు అసలే కూడదు. గుడ్డంటే తీవ్రమైన అలర్జీ ఉన్నవాళ్లకు ప్రమాదం, ఎందుకంటే ఈ టీకాను కోడిగుడ్ల పిండాల్లోనే పెంచుతారు. కీమోథెరపీలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి తర్వాత మందులు వాడుతున్నవాళ్లు, స్టెరాయిడ్లు ఎక్కువ మోతాదులో తీసుకునేవాళ్లు, హెచ్ఐవీ వల్ల రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు, ఛాతీలోని థైమస్ గ్రంథికి జబ్బు చేసినవాళ్లు లేదా దాన్ని తీయించుకున్నవాళ్లు, వీళ్లంతా ఈ మాట డాక్టరుకు ముందే చెప్పాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా.

అరవై దాటినవాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మొదటిసారి ఈ టీకా వేయించుకునేటప్పుడు తీవ్రమైన దుష్ప్రభావం వచ్చే అవకాశం, అరుదే అయినా, వాళ్లలో కాస్త ఎక్కువ. మనవణ్ని చూడాలని నైరోబీకో లాగోస్‌కో బయల్దేరే పెద్దవాళ్లను నేరుగా టీకా లైనులో నిలబెట్టకండి. వాళ్ల జబ్బులు తెలిసిన డాక్టరు దగ్గర కూర్చోబెట్టి, వెళ్లే ప్రాంతంలో నిజంగా ఎంత ప్రమాదం ఉందో, టీకాతో ఎంత ప్రమాదమో తూచుకుని నిర్ణయించుకోండి. అవసరమైతే పిల్లలే ఇక్కడికి వచ్చేలా చూడటం కూడా ఒక దారే.

ఆరోగ్య కారణాల వల్ల టీకా వేయకూడదని తేలితే, డాక్టరు ఆ కారణాలు రాసి సంతకం చేసి ఇవ్వాలి. అది ఇంగ్లిష్‌లో గానీ ఫ్రెంచ్‌లో గానీ ఉండాలి. అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు ఈ ఉత్తరాన్ని పరిగణించమంటాయి. అయినా దిగిన చోటి అధికారి చూసి తుది నిర్ణయం తీసుకుంటారు. కాబట్టి వెళ్లే దేశపు రాయబార కార్యాలయాన్ని కూడా ముందే అడిగి, వాళ్ల జవాబు రాతపూర్వకంగా దగ్గర ఉంచుకోండి.

సూది పడ్డాక, కౌంటర్ వదిలే ముందు

అరగంట అక్కడే కూర్చోబెడతారు, అలర్జీ ఏదైనా వస్తుందేమోనని. ఆ సమయంలో కార్డును అక్షరం అక్షరం చదవండి. ఇంటికొచ్చాక తప్పు కనబడితే మళ్లీ తిరగాలి, విమానాశ్రయంలో కనబడితే దిద్దేవాళ్లే ఉండరు.

పసుపు రంగులో ఉండే ఈ చిన్న పుస్తకం పేరు ఇంటర్నేషనల్ సర్టిఫికెట్ ఆఫ్ వ్యాక్సినేషన్ ఆర్ ప్రొఫిలాక్సిస్. అందులో మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన తెలుగువాళ్లకు ఇక్కడే తేడాలొస్తాయి. ఇంటిపేరు పొట్టిగా ఒక్క అక్షరం రాస్తే, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే, అది వేరే మనిషి కార్డులా కనబడుతుంది. పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, జాతీయత సరిచూడండి. టీకా తేదీలో నెలను అంకెతో కాకుండా అక్షరాల్లో రాయమని అడగండి. 05/06 అంటే మనకు జూన్ 5, అమెరికా అలవాటున్నవాళ్లకు మే 6.

టీకా బ్యాచ్ నంబరు ఉండాలి. వైద్యాధికారి చేతిసంతకం ఉండాలి. కేంద్రం అధికారిక ముద్ర కూడా ఉండాలి. ముద్ర ఉంటే సంతకం లేకపోయినా ఫరవాలేదనుకోకండి, ఒకదానికొకటి ప్రత్యామ్నాయం కాదు. కొట్టివేతలు, దిద్దుబాట్లు, ఖాళీగా వదిలిన గడి, వీటిలో ఏది ఉన్నా కార్డు చెల్లదనే అధికారం అవతలివాళ్లకు ఉంది. అందుకని పెన్నుతో దిద్దితే ఒప్పుకోకుండా కొత్త కార్డు రాసిమ్మని మర్యాదగా అడగండి.

మీరు సంతకం చేయాల్సిన చోట మర్చిపోకండి. పిల్లలకు విడివిడిగా కార్డులు కావాలి, తల్లి కార్డులో పిల్లల పేరు చేరిస్తే కుదరదు. రాయలేని చిన్నపిల్లల బదులు తల్లో తండ్రో సంతకం పెట్టాలి. రాయడం రాని పెద్దవాళ్లు వేలిముద్ర వేస్తే, అది వాళ్లదేనని పక్కన ఇంకొకరు రాయాలి.

తర్వాతి కొద్దిరోజుల్లో కాస్త జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు రావొచ్చు. మామూలే. జ్వరం తగ్గకుండా ఉన్నా, కళ్లు పచ్చబడినా, అయోమయంగా మాట్లాడినా వెంటనే ఆస్పత్రికి వెళ్లి, ఫలానా రోజు ఎల్లో ఫీవర్ టీకా పడిందని తప్పకుండా చెప్పండి.

పాత కార్డు ఉందా? పారేయకండి

మునుపు ఈ సర్టిఫికెట్‌కు 10 ఏళ్లే గడువు. 2016 జూలై 11 నుంచి అది జీవితాంతం చెల్లేలా అంతర్జాతీయ నిబంధన మారింది. అంతకుముందు వేయించుకున్న కార్డులకూ ఇదే వర్తిస్తుంది. కాబట్టి 2009లో వేయించుకున్న కార్డు మీద 2019తో గడువు ముగిసినట్టు రాసి ఉన్నా అది ఇప్పటికీ చెల్లుతుంది. ఆ పాత తేదీని పెన్నుతో కొట్టేసి మీరే జీవితాంతం అని రాయొద్దు, దిద్దితే చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. చెక్-ఇన్ దగ్గర ఎవరైనా అభ్యంతరం పెడితే చూపడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పేజీ ఒకటి ప్రింటు తీసి కార్డులో పెట్టుకోండి.

పాస్‌పోర్టు మారితే నంబరు కలవదు. పాత పాస్‌పోర్టును కొత్తదానితో పాటు పట్టుకెళ్లడం తేలికైన దారి. కార్డు పోతే, టీకా వేసిన కేంద్రంలో రిజిస్టరు ఉంటుంది, తేదీ, బ్యాచ్ నంబరు చెబితే వెతకడం సులువు. అందుకే ఫోన్‌లో కార్డు ఫొటో తీసి ఉంచుకోండి. ఫొటో అసలు కార్డు బదులు పనికిరాదు, పోయినప్పుడు మాత్రం దారి చూపిస్తుంది.

ప్రయాణం రోజు, తిరిగొచ్చే రోజు

కార్డు పాస్‌పోర్టుతో పాటు చేతిసంచిలో ఉండాలి. చెక్-ఇన్ లగేజీలో పెడితే ఇమిగ్రేషన్ ముందున్న ఆరోగ్య కౌంటర్ దగ్గర అది మీ చేతికి దొరకదు. ఇంటికి తిరిగొస్తున్నాం కదా, ఇక దీంతో పనేముందని అక్కడి గదిలో వదిలేసి రావొద్దు. ఎక్కువ అవసరం పడేది ఆ రోజే.

దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారి వచ్చినా అధికారులు పాస్‌పోర్టులో ముద్రలు చూస్తారు. చివరి విమానం ఎక్కడి నుంచి వచ్చిందన్నది కాదు లెక్క, గడిచిన 6 రోజుల్లో మీరు ఎక్కడున్నారన్నది లెక్క. తిరిగొచ్చిన వారంలో జ్వరం వస్తే డాక్టరుకు ముందుగా ఆ దేశం పేరు చెప్పండి. అది మలేరియా అయ్యే అవకాశమే ఎక్కువ, ఎల్లో ఫీవర్ టీకా మలేరియాను ఆపదు. మలేరియా మాత్రల సంగతి వెళ్లకముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

ఎల్లో ఫీవర్ కాక మిగతావి

హజ్, ఉమ్రాకు వెళ్లేవాళ్లను సౌదీ అరేబియా మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకా సర్టిఫికెట్ అడుగుతుంది. నాలుగు రకాలకు పనిచేసే ఏసీడబ్ల్యూవై టీకా అయ్యుండాలి, అక్కడ దిగడానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ఈ టీకాలో రెండు రకాలున్నాయి: కాంజుగేట్ రకం 5 ఏళ్లు చెల్లుతుంది, పాలీశాకరైడ్ రకం 3 ఏళ్లే. ఏ రకమో కార్డు మీద స్పష్టంగా రాయించుకోండి, రాయకపోతే 3 ఏళ్లుగానే తీసుకునే అవకాశం ఉంది. హజ్ కమిటీ ద్వారా వెళ్లేవాళ్లకు కమిటీ శిబిరాల్లోనే వేస్తారు. సొంతంగా ఉమ్రాకు వెళ్లేవాళ్లే దీన్ని మర్చిపోతుంటారు.

పోలియో ఇంకా తిరుగుతున్న కొన్ని దేశాలకు వెళ్లేవాళ్లు కనీసం 4 వారాల ముందు పోలియో చుక్కలు వేయించుకుని సర్టిఫికెట్ తీసుకోవాలి, అది ఏడాది చెల్లుతుంది. పెద్దవాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది. ఇండియాలో సహజంగా తిరిగే పోలియో వైరస్ వల్ల చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది, ఆ స్థితిని నిలబెట్టుకోవడానికే ఈ జాగ్రత్త. ఆ దేశాల జాబితా తరచూ మారుతుంది, ఆరోగ్య శాఖ దగ్గర తాజాది చూడండి.

అమెరికాకు ఎమ్మెస్ చదవడానికి వెళ్లే పిల్లల్ని విమానాశ్రయంలో ఎవరూ టీకా కాగితాలు అడగరు, కోవిడ్ టీకా షరతు కూడా 2023 మేలో ఎత్తేశారు. అడిగేది యూనివర్సిటీ. ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ ఆపుతారు. ఎక్కువ చోట్ల ఎంఎంఆర్ రెండు డోసులు అడుగుతారు, రెంటికీ మధ్య 28 రోజులు ఉండాలి. మన ప్రభుత్వ కార్యక్రమంలో వేసేది తట్టు, రుబెల్లాకు మాత్రమే, గవదబిళ్లల టీకా అందులో లేదు. 2017లో బడిలో వేశారు కదా అనుకుంటే చాలదు. ప్రైవేటు ఆస్పత్రిలో ఎంఎంఆర్ అని పేరు రాసి, రెండు తేదీలతో, ఇంగ్లిష్‌లో, డాక్టరు సంతకం, ముద్రతో తీసుకోవాలి. టెక్సస్‌లో చేరే 22 ఏళ్ల లోపు విద్యార్థులకు మెనింజైటిస్ టీకా కూడా కావాలి, క్లాసులు మొదలవడానికి కనీసం 10 రోజుల ముందు.

క్షయ పరీక్ష అడిగే చోట చర్మం మీద చేసే పరీక్ష కన్నా ఐగ్రా రక్తపరీక్ష చేయించుకోండి. పుట్టినప్పుడు వేసిన బీసీజీ (క్షయ టీకా) వల్ల చర్మపరీక్షలో పాజిటివ్ వచ్చే వీలుంది, ఆ మీదట ఎక్స్‌రేలు, వివరణలు తప్పవు. చిన్నప్పటి టీకాల పుస్తకం అమ్మ బీరువాలో దొరికితే స్కాన్ చేసి పెట్టుకోండి. దొరక్కపోతే యాంటీబాడీల రక్తపరీక్షను చాలా యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి. ఏది చేసినా వీసా ఇంటర్వ్యూ తేదీ కోసం ఆగకుండా అడ్మిషన్ ఉత్తరం వచ్చిన వారంలోనే మొదటి డోసు వేయించండి.